పదకొండు ఎడిషనల్ షీట్లు, ఒక దారం ముక్క

"ప్లేస్‌మెంట్ టెస్టు" అన్న మాట చెవిన పడగానే ఈశ్వరరావు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"చేరకముందే ప్లేస్‌మెంట్సా! ఏ కంపెనీ వస్తోంది?"

"కంపెనీ లేదు, గింపెనీ లేదు. సంగీతం డిగ్రీలో నన్ను ఏ క్లాసులో కూర్చోబెట్టాలో తేల్చడానికి పెట్టే పరీక్షండీ. పాశ్చాత్య సంగీత చరిత్రలో," అంది రమామణి, చేతిలో ఉన్న ఉత్తరం మళ్ళీ చదువుతూ. అప్పటికది ఆరోసారి.

అది 2005 జనవరి మొదటి వారం. వెల్లింగ్టన్‌కి ఉత్తరాన జాన్సన్‌విల్‌లో గుట్ట మీద చెక్క ఇల్లు వాళ్ళది. ఆ ఊరి పేరులోనే 'వెళ్ళింగ్' ఉంది గనక అక్కడ ఏదీ నిలవదు. ఆరేసిన చీర పక్కింటి పెరట్లో తేలుతుంది, విప్పిన గొడుగు పై వీధిలో దొరుకుతుంది. ఆ గాలికి ఏడేళ్ళుగా నిలబడిన మనిషి రమామణి.

ఆమెకు నలభై రెండేళ్ళు. విజయనగరంలో వయొలిన్ డిప్లొమా పుచ్చుకున్న నెలకే పెళ్ళయింది. పై చదువు మాట ఎత్తితే "వచ్చే ఏడు చూద్దాం లేమ్మా" అన్నారు మావగారు. హైదరాబాదులో కాపురం పెట్టాక, నిరుపమ పుట్టాక, "వచ్చే ఏడు చూద్దాం రమా" అన్నాడు ఈశ్వరరావు. న్యూజిలాండ్ వచ్చాక ఎవరూ అనక్కర్లేకపోయింది, తనే అనుకోవడం అలవాటైపోయింది. పద్దెనిమిదేళ్ళు ఒక ఏడు తర్వాత ఇంకో ఏడు, ఏడవకుండా గడిపేసింది.

మొన్న డిసెంబరులో మాత్రం వయొలిన్ కమాను చేతబట్టి, తనకు తనే 'కమాన్' చెప్పుకుని, కొండ మీది యూనివర్సిటీకి వెళ్ళి వాయించి వచ్చింది. సంగీత శాఖలో హీథర్ అనే లెక్చరరు కళ్ళు మూసుకుని అంతా విని, "వాయిద్యంలో మీకు మొదటి ఏడాది అనవసరం, నేరుగా రెండో ఏడాదిలో చేరండి," అంది. చిక్కల్లా చరిత్ర దగ్గరే వచ్చింది. మొదటి ఏడాది చరిత్ర క్లాసు మంగళ, గురువారాల్లో పొద్దున్న తొమ్మిదింటికి. రమామణి పనిచేసే పసిపిల్లల కేంద్రంలో సరిగ్గా ఆ రెండు పూటలూ ఆమెకు బదులు నిలబడే మనిషి లేదు. ఈ టెస్టు గట్టెక్కితే ఆ క్లాసు వినక్కర్లేదు, ఈ ఏడే చేరిపోవచ్చు. గట్టెక్కకపోతే, ఉత్తరంలో ఎంతో మర్యాదగా రాశారు, వచ్చే ఏడు ప్రయత్నించవచ్చు.

ఆ మాట దగ్గర రమామణి వేలు ఆగిపోయింది.

"అమ్మా, 'వచ్చే ఏడు' మన ఇంట్లో బ్యాన్," అంది నిరుపమ, ఉత్తరం లాక్కుని. పదిహేడేళ్ళ ఆ పిల్ల తెలుగు అర్థం చేసుకోవడంలో ఫస్టు క్లాసు, మాట్లాడటంలో గ్రేసు మార్కులు. "టెస్ట్ ఎప్పుడు? ఫిబ్రవరి ట్వెంటీ ఫస్ట్. సెవెన్ వీక్స్ ఉంది. నేను కోచ్ చేస్తా."

"కోచింగ్ నాకొదిలెయ్ అమ్మడూ," అన్నాడు ఈశ్వరరావు, అప్పటికే చొక్కా చేతులు మడిచేస్తూ. ఆయన ఇంజనీరింగ్ ఎంట్రన్సులో మూడంకెల ర్యాంకు కొట్టిన మనిషి. ఆ ర్యాంకు వచ్చి పాతికేళ్ళయింది, ఆ రంకె మాత్రం ఇంకా ఆగలేదు.

ఆ రోజు నుంచి హాల్లో తెల్లబోర్డు వెలిసింది. సంగీతం రమామణిది, సంరంభం ఈశ్వరరావుది. ఆఫీసు నుంచి రాగానే టై కూడా విప్పకుండా బిట్లు అడిగేవాడు. బిట్ల కంటే భార్యకు ఎక్కువగా నూరిపోసింది పరీక్ష రాసే పద్ధతి.

"చూడు రమా, పేపరు దిద్దేవాడు చదవడు, తూస్తాడు. షీట్లు ఎక్కువైతేనే సీటు. మెయిన్ ఆన్సర్ షీటు అయిపోయేదాకా ఆగకు, ముందే చెయ్యెత్తి ఎడిషనల్ అడుగు. పక్కవాడి గుండె అక్కడే జారిపోవాలి."

"ఇక్కడ అలా ఉండదు నాన్నా."

"మార్కులు ఎక్కడైనా మార్కులే అమ్మడూ. రెండోది, బొమ్మ. జవాబు మొదలెట్టే ముందు పెన్సిల్‌తో, స్కేలుతో, పేర్లు పెట్టి శుభ్రంగా బొమ్మ వెయ్యాలి. దిద్దేవాడి కన్ను ముందు పడేది దానిమీదే. మూడోది, దారం." డ్రాయరు లోంచి తెల్లదారం ఉండ తీసి, మూరెడు కొలిచి తెంపాడు. "దారం లేని జవాబు ఆధారం లేని జవాబు."

"వాళ్ళే స్టేపుల్ చేస్తారు," అంది నిరుపమ తల పట్టుకుని.

"చెయ్యకపోతే?"

దారం ముక్క రమామణి హ్యాండుబ్యాగులోకి చేరింది.

అసలు కష్టం వేరే ఉంది. లైబ్రరీ నుంచి నిరుపమ మోసుకొచ్చిన పుస్తకాలు ఎన్నిసార్లు తిరగేసినా రమామణికి బుర్రకెక్కలేదు. ఈ కాలం లక్షణాలు ఐదు, ఆ కాలం లక్షణాలు ఆరు, అన్నీ విడివిడిగా చల్లిన మరమరాల్లా ఉన్నాయి. మూడో వారంలో ఒక పొద్దున్న, ఇడ్లీ పిండి కలుపుతూ, ఆమె హఠాత్తుగా గరిటె గిన్నెలో వదిలేసింది.

"నిరూ! ఈ బీథోవెన్ ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?"

"హూ కేర్స్ అమ్మా? హేడన్ దగ్గర అనుకుంటా. ఎందుకు?"

"మరి బీథోవెన్ ఎవరికి నేర్పాడు?"

నిరుపమ పుస్తకం తిప్పింది. "చెర్నీ అట. చెర్నీ, లిస్ట్‌కి నేర్పాడు."

"మరి అలా చెప్పవేం!" రమామణి చేతులు తుడుచుకుని, ఖాళీ అయిన కార్న్‌ఫ్లేక్స్ డబ్బా చింపి, లోపలి వైపు తిప్పి గీతలు గీయడం మొదలెట్టింది. హేడన్ గారు హెడ్‌మాస్టరు, ఆయన కింద బీథోవెన్, ఇడ్లీ పక్కన చట్నీలా బీథోవెన్ పక్కన చెర్నీ, అక్కడి నుంచి లిస్టు. ఆ పక్కన వేరే శాఖ, ఇరవైమంది సంతానంతో బాఖ్ గారి ఇల్లు. చిన్నకొడుకు లండన్ వెళ్ళాడు, అక్కడ బుల్లి మోజార్టుకు ఆయన సంగీతమంటే మోజు పుట్టింది. సాయంత్రానికి ఫ్రిజ్ తలుపంతా వంశవృక్షం అయిపోయింది. సరుకుల లిస్టు పక్కన సంగీతం లిస్టు.

"ఇది ఫ్యామిలీ ట్రీ అమ్మా, హిస్టరీ కాదు. వాళ్ళు స్టైల్ అడుగుతారు. ఎవరు ఎవరికి నేర్పారో అడగరు."

"గురువు లేకుండా స్టైలు ఎక్కడి నుంచి ఊడిపడుతుందే? మా మేష్టారి కమాను నా చేతిలో లేదూ? గమకం దగ్గర మణికట్టు ఎలా తిప్పుతానో చూసి విజయనగరంలో ఎవరైనా చెప్పేస్తారు నేను ఎవరి శిష్యురాలినో. వీళ్ళదీ అంతే. శిష్యుడు గురువు దగ్గర ఏం పట్టుకున్నాడు, ఏం వదిలేశాడు, అదే చరిత్ర."

నిరుపమ సీడీ ప్లేయరు ముందుకు జరిపి, కవరు దాచిపెట్టి, ఒక పాట నొక్కింది. "అయితే చెప్పు, ఇది ఎవరి ఇల్లు?"

రమామణి చెవి ఒగ్గి విని, ఫ్రిజ్ మీద వేలు పెట్టింది. కరెక్టు. ఇంకోటి. కరెక్టు. ఇంకోటి. ఆ రోజు ఇడ్లీలు రాళ్ళయ్యాయి గానీ ఎవరూ పట్టించుకోలేదు.

ఫిబ్రవరి ఇరవై ఒకటి. క్లాసులు మొదలవడానికి వారం ముందు. జాన్సన్‌విల్ రైలు దిగి, కేబుల్ కారెక్కి, గాలిలో పమిట బదులు రెయిన్‌కోటు సర్దుకుంటూ రమామణి కొండ మీదకు చేరింది. సంచిలో అట్ట, రెండు పెన్నులు, మూడు పెన్సిళ్ళు, స్కేలు, దారం. గుండె చేసే చప్పుడు మాత్రం సంచిలో పట్టలేదు.

హాలు తలుపు దగ్గర ఆగిపోయింది. లోపల ఒక మూల పెద్ద పియానో, దాని పక్కన ఒళ్ళంతా గుడ్డ కప్పుకున్న వీణంత వాయిద్యం ఏదో ఉన్నాయి. వాయిద్యాలున్న గదిలోకి చెప్పులతో వెళ్ళడం ఆమె ప్రాణానికి పడదు. బూట్లు విప్పి గోడవారగా పెట్టింది. పక్క సీట్లో పద్దెనిమిదేళ్ళ న్యూజిలాండ్ పిల్ల ఒకతి, అసలు ఇంటి నుంచే చెప్పులు లేకుండా వచ్చేసింది, ఫిబ్రవరి అక్కడ వేసవి కదా. ఆ పిల్ల రమామణి పాదాలు చూసి, 'నువ్వూ మా బాపతే' అన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించింది.

పేపర్లు పంచారు. హీథర్ ముందు నిలబడి నియమాలు చదువుతోంది. సరిగ్గా ఆ సమయానికే రమామణి కళ్ళు మూసుకుని సరస్వతీదేవిని, మేష్టారిని, ఫ్రిజ్ తలుపును ఆ వరుసలో తలుచుకుంటోంది. కళ్ళు తెరిచేసరికి నియమాలు అయిపోయాయి. పేపరు పైన కుడివైపు ఖాళీ కనబడింది. అలవాటు కొద్దీ అక్కడ అందంగా 'శ్రీ' రాసి, మొదలెట్టింది.

ముందు ఇరవై బిట్లు. వాటిని ఈశ్వరరావు ధర్మమా అని పావుగంటలో నమిలేసింది. తర్వాత అసలు పరీక్ష. ఐదు సంగీతం ముక్కలు, ఒక్కోటి రెండుసార్లు వినిపిస్తారు. ఏ కాలానిది, ఎందుకు అనుకుంటున్నావు? ఒక్కో ప్రశ్న కింద పోస్టుకార్డులో సగమంత గడి గీసి ఉంది.

ఆ గడి చూసి రమామణి జాలిపడింది. ఇందులో జవాబు ఎక్కడ పడుతుంది? వెంటనే బుర్రలో దీపం వెలిగింది. ఓహో, ఇది బొమ్మకు ఇచ్చిన చోటన్నమాట! జవాబు ఎడిషనల్ షీట్లలో. మా ఆయన చెప్పిందే నిజం!

చెయ్యెత్తింది. కాపలాగా తిరుగుతున్న మీసాల పెద్దాయన రఫ్ పని కోసం అనుకున్నాడు కాబోలు, నాలుగు తెల్లకాగితాలు ఇచ్చాడు. కాసేపటికి ఇంకో నాలుగు. ఆ తర్వాత మూడు. మూడోసారికి ఆయన మీసం కొంచెం వణికింది.

మొదటి ముక్క మోగగానే రమామణి ఒళ్ళు ఝల్లుమంది. కింద నిలకడగా నడిచే బాసు, పైన అల్లుకునే తీగలు. ఇది బాఖ్ గారి వీధి, సందేహం లేదు! గడిలో స్కేలుతో గీతలు గీసి, పేర్లు రాసి, ఈ ముక్క ఎక్కడ నిలబడుతుందో గుణకారం గుర్తు పెట్టి, గురువు వైపు ఒక కారణం, శిష్యుడి వైపు ఒక కారణం చిన్నచిన్న అక్షరాల్లో పేర్చింది. తర్వాత షీటు మీద విజృంభించింది. మూడో ముక్కకు ఆమె కుడిచెయ్యి తనంతట తానే తొడ మీదకు వెళ్ళింది. ఇంటి తాళం మర్చిపోయినా తొడ మీద తాళం మర్చిపోయే మనిషి కాదు. ఆ చప్పుడుకు పక్కపిల్ల తలెత్తి చూసి, తను కూడా బల్ల కింద కాలివేళ్ళతో లెక్కపెట్టడం మొదలెట్టింది.

గంట కొట్టేసరికి షీట్లు పదకొండు. జడలోంచి పిన్ను తీసి చిల్లులు పొడిచి, దారం దూర్చి, రెండు ముళ్ళు వేసి, కట్ట సమర్పించుకుని బయటపడింది. పెళ్ళినాడు కూడా ముళ్ళు చూసి అంత తృప్తిపడలేదు.

మెట్ల మీద ఆ పిల్ల ఎదురొచ్చింది. "మీరు ఎంత రాశారు! అదంతా ఏమిటి?"

"జవాబులు," అంది రమామణి వెలిగిపోతూ.

"కానీ..." ఆ పిల్ల కాస్త నసిగింది. "గడి బయట రాసింది దిద్దరు కదా? మొదటి పేజీలోనే ఉంది. హీథర్ చదివింది కూడా."

కొండ మీద గాలి ఒక్కసారిగా ఆగిపోయినట్టయింది. వెల్లింగ్టన్‌లో గాలి ఆగదు. ఆగింది రమామణి ఊపిరే.

సాయంత్రం ఇంట్లో సంగతి విన్న ఈశ్వరరావు తెల్లబోర్డు ముందు తెల్లబోయాడు. ఆయన దగ్గర సలహా లేకపోవడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు.

"నేనే కదా షీట్లు, షీట్లు అని ప్రాణం తీశాను," అన్నాడు చివరికి. "వాళ్ళకి ఉత్తరం రాస్తా. తప్పు నాదని."

"మీ తప్పేంటండీ. రూలు చదివేటప్పుడు కళ్ళు మూసుకున్నది నేను." ఆమె సంచిలోంచి స్కేలు, పెన్సిళ్ళు తీసి బల్ల మీద పెట్టింది. "ఫర్వాలేదు. వచ్చే..."

"అమ్మా!" నిరుపమ అరిచింది. "బ్యాన్!"

రమామణి ఆ మాట మింగేసింది. కానీ ఆ రోజు ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా అటువైపు చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఫలితాలు. ఒక్కొక్కరినీ హీథర్ తన గదికి పిలిచి చెబుతోంది. ఈశ్వరరావు సెలవు పెట్టి వచ్చాడు. నిరుపమ బడి ఎగ్గొట్టి వచ్చింది. ఇద్దర్నీ వరండాలో నిలబెట్టి, రమామణి లోపలికి వెళ్ళింది. తలుపు సగం తెరిచే ఉంది గనక ఇద్దరి చెవులూ లోపలే ఉన్నాయి.

బల్ల మీద కట్ట ఉంది. పదకొండు షీట్లు. తను వేసిన రెండు ముళ్ళూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"ఈ కట్ట నేను విప్పలేదు," అంది హీథర్. "గడి బయట ఉన్నది చదవకూడదు. అందరికీ ఒకటే రూలు."

రమామణి తలూపింది. వరండాలో ఈశ్వరరావు గోడ పట్టుకున్నాడు. తూస్తారన్నాడు గానీ, ఇక్కడివాళ్ళు తూకం కూడా వెయ్యలేదు.

"గడుల్లో ఉన్నది మాత్రం మూడుసార్లు చదివాను." హీథర్ జవాబుపత్రం తిప్పి ముందుకు జరిపింది. "నేను అడిగింది ఏ కాలం, ఎందుకు. మీరు ముందెవరో, తర్వాతెవరో, వాళ్ళిద్దరి మధ్య ఈ సంగీతం ఎందుకు నిలబడిందో గీసి చూపించారు. ఇదిగో ఈ రెండో గడి. గురువు దగ్గర్నుంచి సమానమైన వాక్యాలు తెచ్చుకుంది, శిష్యుడి వైపు హఠాత్తుగా గట్టిపడుతోంది అని రాశారు. ఇంత చిన్న చోట ఇంత చెప్పినవాళ్ళని నేను చూడలేదు. ఎవరు నేర్పారు మీకు ఇలా?"

"బొమ్మ వెయ్యమని మా ఆయన. మిగతాది మా మేష్టారు," అంది రమామణి.

"చిన్నప్రశ్నలు ఇరవైకి పద్దెనిమిది. గడులు ఐదింటికి మూడు సరిగ్గా ఉంటే చాలు. మీవి నాలుగు. నాలుగోది ఒక్కటే తప్పింది, అందులో, మీ లెక్కలోనే చెబుతాను, మనవణ్ణి తీసుకెళ్ళి తాత కంటే ముందు పుట్టించారు." హీథర్ లేచి చెయ్యి చాపింది. "రెండో ఏడాది చరిత్ర క్లాసు బుధవారం మధ్యాహ్నం. వస్తారుగా?"

రమామణి ఆ చెయ్యి అందుకోవడానికి ముందే వరండాలో నిరుపమ వేసిన కేకకు పక్కగదిలో ట్రంపెట్ సాధన చేస్తున్నవాళ్ళెవరో శ్రుతి తప్పారు. తలుపు పూర్తిగా తెరుచుకుంది. కూతురు వచ్చి మెడకు చుట్టుకుంది. ఈశ్వరరావు వెనకాలే వచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక పియానో స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇంకో రెండు సంగతులు," అంది హీథర్ నవ్వుతూ. "మీ నంబరు రాయాల్సిన చోట ఈ గుర్తు ఏమిటి? పొద్దున్న మేం ముగ్గురం కూర్చుని ఇది ఏ శతాబ్దపు స్వరలిపిలో వస్తుందా అని గంటసేపు పుస్తకాలు తిరగేశాం."

"శ్రీ అండీ అది. మంచి జరగాలని పెడతాం."

"పనిచేసింది. రెండోది, మార్కులు వేసేశాను గనక, ఇప్పుడు ఈ కట్ట విప్పవచ్చా? రాత్రంతా అందులో ఏముందా అని ఆలోచిస్తూనే ఉన్నాను." ఆమె కత్తెర అందుకోబోయింది.

"ఆగండాగండి, తెంపకండి!" రమామణి కట్ట తన వైపు లాక్కుని, గోటితో ముళ్ళు విప్పింది. పదకొండో షీటు తీసి పైన పెట్టింది. "ఇది మీరు అడగని ప్రశ్నకు జవాబు. ఇక్కడ వయొలిన్ ఓడెక్కింది. మద్రాసులో దిగింది. మీరు గడ్డం కింద పెట్టుకున్నదాన్ని మేం నేలమీద కూర్చుని పాదం మీద ఆనించుకున్నాం. ఇక్కడి నుంచి మా శాఖ." వేలు కిందకు జారింది. ఎనిమిది పేర్లు, చివర్లో మేష్టారి పేరు, ఆయన కింద చిన్న గీత. గీత చివర ఏమీ రాయలేదు.

"ఇక్కడ ఖాళీ ఎందుకు?" అంది హీథర్.

"నిన్న గంట కొట్టేశారు."

హీథర్ చేరిక ఫారం ఒకటి, పెన్ను ఒకటి ముందుకు జరిపింది. స్టూలు మీద నుంచి ఈశ్వరరావు మెల్లగా దగ్గరకొచ్చాడు. ఆయన మొహం ఆనందంతో విప్పారి ఉంది గానీ, కనుబొమల మధ్య ఒక చిన్న ముడి ఇంకా విడలేదు.

"రమా," అన్నాడు చెవిలో. "ఆ నాలుగోదానికి రివాల్యుయేషన్ పెట్టుకోవచ్చేమో అడుగు. ఒక్క మార్కు ఊరికే ఎందుకు వదులుకోవాలి?"

"నాన్నా!"

"అడిగితే పోయేదేముంది అమ్మడూ?"

రమామణి వినిపించుకోలేదు. ఫారం పైన, అంచుకు కాస్త ఎడంగా, 'శ్రీ' రాసింది. ఈసారి నియమాలన్నీ కళ్ళు తెరుచుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. 'ఏ సంవత్సరం చేరుతున్నారు?' అన్నచోట నాలుగు గడులున్నాయి. ఒక్కో గడిలో ఒక్కో అంకె, గీత తగలకుండా, రెండు వేల ఐదు అని నింపింది.

"ఏ ఏడు రాశావ్?" అని తొంగిచూశాడు ఈశ్వరరావు.

"ఈ ఏడే," అంది రమామణి. పెన్ను పట్టని చెయ్యి తొడ మీద అప్పటికే తాళం వేస్తోంది.